రెండో కాలు

అక్కకు కుడి తుంటి కీలు మార్చిన నాలుగో రోజున ఆసుపత్రివారు ఇంటికి పంపుతూ ఒక కాగితం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. విజయవాడ నుంచి నందిగామ వస్తున్న కారులో, ముందు సీట్లో కూర్చుని, దాన్ని తెలుగు చేసి అందరికీ వినబడేలా చదివాను. కాలు మీద కాలు వేసుకోకూడదు. నేల మీద కూర్చోకూడదు. ముందుకు బాగా వంగకూడదు. పూటకు మూడుసార్లు వాకరు పట్టుకుని నడవాలి. నీళ్ళు ధారాళంగా తాగాలి. అడుగున గీత గీసి విడిగా రాసిన భాగాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. కాలు వాచినా, వేడెక్కినా, ఊపిరి అందకపోయినా ఆ క్షణమే తీసుకురావాలి. కదలిక తగ్గిన కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

"ఇట్టా బెదిరించకపోతే వాళ్ళ ఫీజుకి గౌరవం ఉండదనుకుంటా," అంది అక్క వెనక సీట్లో నుంచి, మోకాళ్ళ మధ్య దిండుతో.

"బెదిరింపు కాదక్కా. మొదటి వారాల్లో ఇది నిజంగానే వస్తది."

"ఎంతమందికి?" అన్నాడు కారు నడుపుతున్న బావ.

"సరైన లెక్క చూడకుండా చెప్పను."

"అదీ! మా మరదలు కాటా వేయకుండా మాట కూడా బయటపెట్టదు," అని నవ్వాడు. నందిగామ బజారులో ఆయనది టోకు కిరాణా కొట్టు. నా ఉద్యోగం జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు కర్మాగారపు ప్రయోగశాలలో. ఎవరైనా 'ఈ సరుకు బాగుంది' అంటే, ఆ మాటను నమ్మకుండా పరీక్షించి చూడటానికే నాకు జీతం ఇస్తారు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చిందని బంధువుల ఫిర్యాదు. అది నిజమే.

అక్కకు యాభై ఏడేళ్ళు. తుంటి ఎముక బంతికి నెత్తురు అందక అది లోపల్లోపలే నలిగిపోయింది. రెండేళ్ళు నొప్పి మాత్రల మీద నడిచి, చివరకు మంచం దిగలేని స్థితిలో శస్త్రచికిత్సకు ఒప్పుకుంది. కొత్త కీలు చక్కగా అమరిందని డాక్టరుగారు ఎక్స్‌రే చూపించారు. ఇక మిగిలింది ఆ కాగితంలోని చివరి భాగమే. ఆ వారాలు గడిచేదాకా అక్క ప్రాణానికి పూచీ నాదేనని, ఎవరూ అడగకుండానే, నా మీద వేసుకున్నాను.

ఇంటికి చేరేసరికి అక్క అత్తగారు అన్నీ సిద్ధం చేసి ఉంచారు. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. మంచం గాలి తగలని లోపలి గదిలో వేయించారు. చెవుల్లో పెట్టడానికి దూది, తలకు కట్టడానికి గుడ్డ, పాత బియ్యం, కాయం కారం, వెల్లుల్లి కారం. అవన్నీ నేను ఎరిగినవే. మా అక్కచెల్లెళ్ళకు పురుళ్ళు వచ్చినప్పుడు మా అమ్మ చేసిన ఏర్పాట్లు అవే.

"అత్తయ్యగారూ, అక్క బాలింత కాదండీ," అన్నాను.

"పురుడు పోసుకున్నా, కత్తి పడ్డా పచ్చి ఒళ్ళే గదమ్మా. పచ్చి ఒంటికి ఒకటే పథ్యం. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చెమ్మగిలతయ్. పప్పు తింటే చీము పడతది. నలభై రోజులు కదలకుండా పడుకోవాలి."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరో చెప్పేదేంటి, నేను ఆరుగురిని కన్నా."

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు గాని, ఆ జవాబు ఆ ఇంట్లో చెల్లదు. అందుచేత నేను నోటుపుస్తకంలో ఆవిడ మాటలన్నీ మూడు భాగాలుగా రాసుకున్నాను. హాని లేనివి: దూది, తలగుడ్డ, కాయం కారం. హాని చేసేవి: నీళ్ళు తగ్గించటం, పప్పు మానటం, పడుకునే ఉండటం. తెలియనివి: వెల్లుల్లి. మొదటి భాగాన్ని పూర్తిగా ఆవిడకు వదిలేశాను. రెండో భాగం కోసం రెండు రోజులు పోరాడాను. పప్పు నెగ్గింది. నీళ్ళ సీసా మంచం పక్కకు వచ్చింది. నడక కోసం ఒక కాగితం గోడకు అంటించి, నడిచినప్పుడల్లా టిక్కు పెట్టమని బావకు అప్పగించాను.

ఆరో రోజున అత్తయ్యగారు కబురు పెడితే మామ్మ వచ్చింది. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. ఊళ్ళో అందరూ ఆమెను మామ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళుగా బాలింతలకు, పసిపిల్లలకు నూనె రాసి స్నానాలు పోయటమే ఆమె పని. పొట్టి మనిషి, వెడల్పైన చేతులు.

గుమ్మంలోనే ఆపాను. "మామ్మా, ఆపరేషన్ చేసిన కాలు నువ్వు ముట్టుకోగూడదు. చేతులు, వీపు, ఎడమ కాలు నీ ఇష్టం. కుడి కాలు మీద చెయ్యి వేశావా, రేపట్నించి రావద్దు."

"చిన్న కూతురా?" అని అక్క అత్తగారిని అడిగింది మామ్మ, నన్ను చూపించి.

"చెల్లెలు. సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం."

"అందుకేనా ఇంత గట్టిగా ఉంది," అని మామ్మ లోపలికి వెళ్ళింది. అక్క నవ్వి, ఆ నవ్వుకు కుట్లు లాగి అబ్బా అంది.

నా సెలవు ఎనిమిదో రోజుతో అయిపోయింది. రాత్రులు నందిగామలోనే ఉంటూ, పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి రావటం మొదలుపెట్టాను. బయలుదేరే ముందు ప్రతిరోజూ ఒకే క్రమం. జ్వరం చూడటం. కుట్ల చుట్టూ ఎరుపు ఉందేమో చూడటం. చివరగా దర్జీ టేపుతో కుడి పిక్క చుట్టుకొలత. మోకాలి చిప్ప కింద పది సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో చుక్క పెట్టుకున్నాను, ప్రతిరోజూ అదే చోట కొలవటానికి. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి వరుసగా ఆరు రోజులు ముప్పై ఆరు. కాగితం మీద ఆ అంకె పక్కన అదే అంకె చూస్తుంటే నాకు ధైర్యంగా ఉండేది. గడ్డ కట్టిన కాలు వాచాలి. ఈ కాలు వాచలేదు. కాబట్టి గడ్డ లేదు. ఆ తర్కంలో తప్పేమీ నాకు కనిపించలేదు.

పదకొండో రోజు పొద్దున టేపు ముప్పై ఆరున్నర చూపింది. మళ్ళీ కొలిచాను. మూడోసారి ముప్పై ఆరు పైచిలుకు. గుడ్డ టేపుకు అర సెంటీమీటరు తేడా లెక్కలోకి రాదు. అంకె పక్కన 'కొలతలో పొరపాటు పరిధి' అని రాసి పుస్తకం మూశాను.

గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే గదిలో నుంచి మామ్మ మాట వినిపించింది. "అమ్మాయ్, ఒకసారి ఇటు రా."

వెళ్ళి చూస్తే, ఆమె మంచం చివర నిలబడి, కుడి చెయ్యి అక్క కుడి పిక్క మీద, ఎడమ చెయ్యి ఎడమ పిక్క మీద వేసి ఉంది.

"ఏం చెప్పా మామ్మా నీకు?"

"నొక్కలేదు. పట్టుకు చూసా, అంతే."

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? మాట వినకపోతే ఎట్టా?"

"ఈ కాలు ఆ కాలు మాదిరి లేదు. బరువుగా ఉంది. తొడ దాకా బిర్రుగా ఉంది. వేడి. ఇట్టాంటి కాలు నాకు తెలుసు. డాక్టరుకి చూపియ్యండి."

"ఇది కోసిన కాలు. అది కోయని కాలు. ఒకలాగ ఎట్టా ఉంటయ్?"

"నాకు తెలిసింది చెప్పా."

నీళ్ళు తాగితే కుట్లు చెమ్మగిలతాయని అత్తయ్యగారు అన్నప్పుడు తల ఊపిన మనిషి ఈమె. చంటిపిల్లల ముక్కు నొక్కితే కోటేరు ముక్కు వస్తుందని చెప్పే మనిషి. ఆమె మాటకు నా దగ్గర ఒక అంచనా ముందే ఉంది. అక్క కూడా "పొద్దున్నించి కొంచెం లాగుతోంది, అంతే. నువ్వెళ్ళు, బస్సు పోద్ది," అంది. ఆ రోజు ప్రయోగశాలలో నేను లేకపోతే ఆగిపోయే పని ఒకటి ఉంది. వెళ్ళాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హైవే మీద లారీల వరుస కదులుతోంది. నేను మామ్మ మీద కోపాన్ని మనసులో ఒక పద్ధతిలో పెట్టుకుంటున్నాను: ఆమె చెప్పింది ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, దాన్ని కాదనటానికి నా దగ్గర ఉన్న కొలత ఏమిటి. నా కొలత ముప్పై ఆరు. దేనితో పోలిస్తే? నిన్నటి ముప్పై ఆరుతో. నిన్నటిది? మొన్నటి దానితో.

అక్కడ ఆగిపోయాను. మొదటి రోజు కొలిచినప్పుడే ఆ కాలు శస్త్రచికిత్స వాపుతో ఉంది. ఆ వాపు రోజురోజుకీ తగ్గాలి. ఆరు రోజులుగా తగ్గని అంకెను నేను స్థిరత్వం అనుకున్నాను. ప్రయోగశాలలో ఏ సరుకు పరీక్షించినా, గుణం ముందే తెలిసిన నమూనా ఒకటి పక్కన పెట్టుకుని, దానితో పోల్చనిదే ఫలితం రాయం. కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం అదే. ఇక్కడ ఆ నమూనా అదే మంచం మీద, పక్కనే ఉంది. ఎడమ కాలిని నేను ఒక్కసారి కూడా కొలవలేదు. మామ్మ రెండు చేతులతో చేసింది ఆ పనే.

అక్కకు ఫోను చేశాను. మోగి ఆగిపోయింది. బావకు చేస్తే వేరే కాల్‌లో ఉన్నాడు. మళ్ళీ అక్కకు. మళ్ళీ బావకు. ఇంతలో ఇంకొక సంగతి తోచింది. 'లాగుతోంది' అని అక్క అత్తగారి ఎదుటే అంది. కాలు లాగితే ఆ ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలుసు. నువ్వుల నూనె వేడి చేసి గట్టిగా రుద్దుతారు. గడ్డ ఉన్న కాలికి చేయకూడని పని ఏదైనా ఉంటే అదే.

చిల్లకల్లు దగ్గర బస్సు దిగిపోయాను. రోడ్డు దాటి అటువైపు నిలబడి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యి ఎత్తాను. విజయవాడ బస్సు ఆగింది. నిలబడే ప్రయాణం. సగం దూరం వచ్చాక బావ ఫోను ఎత్తాడు.

"ఏంటమ్మా, పన్నెండు మిస్డ్ కాల్స్? ఫ్యాక్టరీ పేలిందా?"

"బావా, వెంటనే ఇంటికి వెళ్ళు. అక్క కాలు ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు. నూనె రాయనివ్వద్దు. కారు బయటకి తీసి ఉంచు."

"పొద్దున బానే ఉందన్నావ్ గా?"

"తప్పు చెప్పా. నువ్వు వెళ్ళు బావా."

షట్టరు లాగిన చప్పుడు ఫోనులో వినిపించింది.

నేను చేరేసరికి బావ కారు వీధిలో ఉంది. లోపలి గదిలో నుంచి అరుపులు. అక్క అత్తగారు ఇత్తడి గిన్నెలో కాచిన నూనె పట్టుకుని నిలబడి ఉన్నారు. మామ్మ మంచం అంచున, అక్క కుడి కాలికి అడ్డంగా కూర్చుని ఉంది.

"చేయించుకునేది మేము, చేసేదానివి నువ్వు. రుద్దనంటే ఎట్టాగే?" అంటున్నారు ఆవిడ.

"నేను రుద్దను. మీరూ రుద్దరు. కావాలంటే ఆ నూనె నా నెత్తిన పొయ్యండి."

"నాయనా, చూడరా దీని పొగరు!"

"అమ్మా, గిన్నె ఇటివ్వు," అన్నాడు బావ.

నేను టేపు తీశాను. ఎడమ మోకాలి కింద కూడా అదే దూరంలో పెన్నుతో చుక్క పెట్టాను. కుడి పిక్క ముప్పై ఏడు. ఎడమ పిక్క ముప్పై రెండున్నర. గడియారం చూస్తూ అక్క ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఆరు.

"అక్కా, ఆయాసంగా ఉందా?"

"మెట్లెక్కినట్టుందే. పడుకునే ఉన్నాగా, ఎందుకట్టా?"

కాలు కదపకుండా, దుప్పటితో ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. ముందుగా ఆసుపత్రికి ఫోను చేసి చెప్పాను. కంచికచర్ల దాటేదాకా అక్క మాట్లాడుతూనే ఉంది. తరవాత మాటలు తగ్గాయి. నేను వెనక సీటు కింద కాళ్ళ దగ్గర ఇరుక్కుని కూర్చుని ఆమె నాడి పట్టుకుని ఉన్నాను. లెక్క మధ్యలో తప్పిపోతోంది; మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాను. ఇబ్రహీంపట్నం దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగి దారి ఆగిపోయింది. బావ కిటికీలో నుంచి తల బయటపెట్టి, నేను ఎప్పుడూ వినని గొంతుతో, పేషెంటు ఉంది, పేషెంటు ఉంది అని అరిచాడు. ఎవరో దిగి లారీని వెనక్కి తీయించారు.

స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. మోకాలి వెనక నుంచి తొడ మధ్యదాకా సిర మూసుకుపోయి ఉంది. ఛాతీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో ఒక చిన్న ముక్క కనిపించింది. అప్పటికే కొంత ఊడి వెళ్ళిందన్నమాట.

"కాలు రుద్దలేదు కదా?" అని ఆమె మొదటి ప్రశ్న.

"లేదండీ," అన్నాను.

"మంచిది. ఎవరు గమనించారు?"

"మా మరదలేనండీ. రోజూ టేపుతో కొలిచేది," అన్నాడు బావ, ఎంతో కృతజ్ఞతతో.

నా చేతిలో నోటుపుస్తకం ఉంది. "నేను కాదండీ. స్నానం పోసే ఆవిడ చెప్పింది. నేను వినకుండా వెళ్ళిపోయా," అన్నాను. డాక్టరమ్మ నా వంక ఒకసారి చూసి, సూదిమందు రాయటంలో పడింది.

ఐదు రోజులు ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నాను. నాలుగో రోజు ఊపిరి సర్దుకుంది. వార్డుకు మార్చాక, అందరూ భోజనానికి వెళ్ళిన సమయంలో అక్క నన్ను దగ్గరకు రమ్మంది.

"ఒకటి చెప్తా, తిట్టొద్దు. ఆ నీళ్ళు నేను సగం కూడా తాగలేదే. నువ్వు వెళ్ళగానే సీసా కిటికీలోంచి వంచేసేదాన్ని."

"ఎందుకక్కా?"

"తాగితే వెళ్ళాల్సొస్తది. మంచం పక్కన ఆ కమోడు కుర్చీ కింద గిన్నె ఎవరు తీస్తారు? మీ బావ కొట్టుకి పోయాక ఇంట్లో ఉండేది అత్తయ్యగారు. ఎనభై ఏళ్ళ మనిషి చేత, అందులో అత్తగారి చేత, అది తీయించుకోమంటావా? నడకా అంతే. ఆవిడ ముందు వాకరు పట్టుకుని టకటకా తిరగడం నాకే సిగ్గేసేది. టిక్కులన్నీ మీ బావ పెట్టిన టిక్కులే."

నేను పథ్యాలతో పోరాడాను. కాగితం మీద నీళ్ళలోనూ నడకలోనూ నేనే నెగ్గాను. అడ్డం వచ్చింది మాత్రం ఒక కోడలి మొహమాటం. దాన్ని నేను ఏ భాగంలోనూ రాసుకోలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ నాకు ఒక మాటగా చెప్పలేదు. ఇందులో దేనివల్ల గడ్డ కట్టిందో నేను చెప్పలేను. అన్నీ సక్రమంగా చేసినవారికీ కడుతుందని, నెత్తురు పలచబరిచే మందు వేసుకుంటున్నా కడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నాకు ఓదార్పుగా ఉండాలని ఆమె ఉద్దేశం. నాకు అది తేలని ఫలితం.

మళ్ళీ ఆసుపత్రిలో చేరిన పన్నెండో రోజు ఇంటికి వచ్చాం. ఈసారి మంచం ముందు గదిలో వేశాం. గిన్నె తీయటానికి పగటిపూట ఒక మనిషిని పెట్టాం. అక్క రెండు రోజుల్లోనే సీసాలు ఖాళీ చేయటం, వాకరుతో వీధి గుమ్మందాకా వెళ్ళి రావటం మొదలుపెట్టింది. నెలన్నరకు మళ్ళీ స్కాన్ తీస్తే సిరలో నెత్తురు పారుతోంది. మందు ఇంకొన్ని నెలలు వాడాలన్నారు. కాలు ఇకమీదట ఎప్పుడైనా కాస్త బరువెక్కవచ్చునని కూడా చెప్పారు.

ఆ స్కాన్ కాగితం తీసుకుని మామ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని వాకిట్లో ఎండబెట్టిన కుంకుడు కాయలు చేటలో పోసుకుని ఏరుతోంది. కాగితం చూపించాను. అక్షరాలు రావు కాబట్టి నా ముఖం చూసింది.

"గడ్డ కరిగింది మామ్మా."

"బతికింది తల్లి," అంది. పక్కన చోటు చూపించి, "కూర్చో," అంది.

కూర్చున్నాను. క్షమాపణ చెప్పాలని వచ్చాను గాని ముందు అడిగింది వేరే ప్రశ్న. "ఇట్టాంటి కాలు నాకు తెలుసన్నావు. ఎట్టా తెలుసు?"

ఆమె చేతులు ఆగాయి.

"వీరులపాడు అవతల ఒక పల్లె. తొలి కాన్పు పిల్ల. పదో రోజు. కాలు ఇట్టాగే, బరువుగా, వేడిగా, తెల్లగా నిగనిగలాడతా. నొప్పి అంది. నూనె కాచి, తొడ నించి పాదం దాకా గట్టిగా రుద్దా. 'హాయిగా ఉంది మామ్మా' అంది. లేచి కూర్చుంది. నీళ్ళ చెంబు అందుకుంటానే ఊపిరి అందక పక్కకి ఒరిగిపోయింది. నా చేతుల్లోనే." మళ్ళీ కాయలు ఏరుతూ, "పిల్లోడు ఇప్పుడు ట్రాక్టరు నడుపుతున్నాడు," అంది.

ప్రసవం తరవాతి వారాల్లో నెత్తురు గడ్డకట్టే స్వభావం పెరుగుతుందని నేను చదివినదే. రెండూ పచ్చి ఒళ్ళే అని అక్క అత్తగారు అన్న మాట, నీళ్ళ విషయంలో తప్పు, పప్పు విషయంలో తప్పు. ఈ ఒక్క కాలి విషయంలో నిజం.

"నువ్వు చదువుకున్నదానివి," అంది మామ్మ. "ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలా. నేను రుద్దబట్టేనా ఆ పిల్ల పోయింది?"

కాదు అని చెప్పటం తేలిక. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె నా అక్కను కాపాడిన మనిషి. ఆ ఒక్క మాట ఆమెకు ఇవ్వలేనా అనిపించింది.

"తెలీదు మామ్మా," అన్నాను. "రుద్దితే గడ్డ ఊడొచ్చు. అందుకే వద్దంటారు. రుద్దకపోయినా, ఊరికే లేచి కూర్చున్నా ఊడొచ్చు. ఆ రోజు ఏది జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"అంటే కాదనవు."

"కాదనలేను. అవునని కూడా అనలేను."

ఆమె నా వంక చూసింది. నేను తల దించుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను.

"ఆ పిల్ల అత్తగారు నీ తప్పేం లేదే అంది. వాళ్ళ అమ్మ నువ్వే చంపావంది. ఇద్దరూ ఒంట్లో ఏం జరిగిందో చూసినట్టే చెప్పారు," అని, చేటలో కాయలను పక్కకు జరిపింది. "తెలీదంది నువ్వొక్కదానివే."

నేను క్షమాపణ అప్పుడు చెప్పాను. ఆమె విన్నదో లేదో నాకు తెలియలేదు.